కడుపు పోయిన తర్వాత మళ్లీ నెల తప్పితే: ప్రొజెస్టరాన్ ఎందుకు, ఎలా, ఎప్పటిదాకా

మొదటిసారి కిట్ మీద రెండో గీత కనిపిస్తే ఇల్లంతా తెలిసిపోతుంది. ఒకసారి కడుపు పోయాక అదే గీత మళ్లీ కనిపిస్తే బాత్రూమ్ తలుపు వేసుకుని కాసేపు అలాగే కూర్చుంటాం. ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తెలియదు. బాత్రూమ్‌కి వెళ్లిన ప్రతిసారీ టిష్యూ మీద ఎరుపు ఉందేమోనని చూసుకోవడం అప్పటి నుంచే మొదలవుతుంది. నాకు మొదటి కడుపు 8వ వారంలో పోయింది. రెండోసారి 6వ వారం దాటాక స్పాటింగ్ కనబడింది. ఆ రోజు చేతికొచ్చిన చీటీలో మొదటి పేరు ప్రొజెస్టరాన్. మందుల షాపులో కుర్రాడు దాన్ని "నిలబడే మాత్రలు" అన్నాడు.

ఆ పేరుతోనే చిక్కు. నిలబడే మాత్ర అంటే, వేసుకుంటే నిలబడుతుందని, ఒక పూట మర్చిపోతే పోతుందని అర్థం వస్తుంది. రెండూ నిజం కావు. ఇది కొందరికి నిజంగా పనికొచ్చే మందు. కొందరికి ధైర్యం కోసం రాసే మందు. ఐవీఎఫ్‌లో, అంటే టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో, కొందరికి మాత్రం అది లేకపోతే పని జరగదు. మీరు వీటిలో ఎక్కడున్నారో తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. నేను డాక్టర్ని కాదు. డోసు నిర్ణయించాల్సింది మీ డాక్టరే. ఆ గదిలో ఏం అడగాలో, ఇంటికొచ్చాక ఆ మందుని సరిగ్గా ఎలా వాడాలో చెప్పడం వరకే నా పని.

ముందుగా, ఈ హార్మోన్ ఏం చేస్తుంది

అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలిన ఆ చిన్న గుల్ల పసుపు రంగు ముద్దగా మారి ప్రొజెస్టరాన్ తయారు చేస్తుంది. ఆ హార్మోన్ వల్లే గర్భాశయం లోపలి పొర మెత్తగా, రక్తం నిండి, పిండం అతుక్కోవడానికి అనువుగా ఉంటుంది. గర్భాశయం కండరం బిగుసుకోకుండా చూసేదీ అదే. సుమారు 7 నుంచి 9 వారాల మధ్య ఈ పని మెల్లగా మాయ (ప్లాసెంటా) చేతికి వెళ్తుంది. ఆ లోపే పసుపు ముద్దను తీసేస్తే కడుపు నిలవదని 1970ల మొదట్లోనే పరిశోధనల్లో తేలింది. కాబట్టి ప్రొజెస్టరాన్ లేకుండా గర్భం లేదు. ఇందులో అనుమానమే లేదు.

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. హార్మోన్ తగ్గింది కాబట్టి కడుపు పోయిందనుకుంటాం. చాలాసార్లు జరిగేది తిరగేసి ఉంటుంది. పిండం ఎదుగుదల ముందే ఆగిపోతుంది, దాని నుంచి వచ్చే సంకేతం తగ్గుతుంది, ఆ తర్వాత ప్రొజెస్టరాన్ పడిపోతుంది. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి, ఇంకా ఎక్కువకే, కారణం క్రోమోజోముల లెక్క తప్పడం. అలాంటి పిండాన్ని ఏ మాత్రా నిలబెట్టలేదు. మెట్లు ఎక్కడం, బొప్పాయి ముక్క తినడం, ఆఫీసులో గొడవ పడటం వల్ల కూడా అది పోలేదు. నాకు మొదటిసారి కడుపు పోయినప్పుడు మా అత్తగారు బస్సు ప్రయాణం మీద తోసేశారు. పాపం ఆవిడకీ ఏదో ఒక కారణం కావాలి కదా.

మొదటి మెట్టు: మీరు ఏ కోవలోకి వస్తారో చూసుకోండి

ఈ ప్రశ్నకి జవాబు ఎక్కువగా బ్రిటన్‌లో జరిగిన రెండు పెద్ద పరిశోధనల నుంచి వచ్చింది. రెండింటికీ నాయకత్వం వహించింది బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ అరి కూమరసామి బృందం.

మొదటిది 2015లో వచ్చిన ప్రామిస్. కారణం తెలియకుండా పదేపదే కడుపు పోయిన 836 మందిని తీసుకున్నారు. టెస్ట్ పాజిటివ్ వచ్చిన వెంటనే సగం మందికి రోజుకి రెండుసార్లు 400 మిల్లీగ్రాముల ప్రొజెస్టరాన్, మిగతా సగానికి అలాగే కనిపించే, లోపల హార్మోన్ లేని ఉత్త మందు, 12 వారాలదాకా ఇచ్చారు. బిడ్డ పుట్టినవాళ్లు మందు గుంపులో 65.8 శాతం, ఉత్త మందు గుంపులో 63.3 శాతం. ఆ చిన్న తేడాని మందు ఫలితమని చెప్పలేం. నాకు ఇందులో నచ్చింది రెండో అంకె. పదేపదే పోగొట్టుకున్నవాళ్లలో కూడా ఏ మందూ లేకుండా నూటికి 63 మంది ఒడిలో బిడ్డ చేరింది. ఇది మనకెవరూ చెప్పరు.

రెండోది 2019లో వచ్చిన ప్రిజమ్. తొలి 12 వారాల్లో బ్లీడింగ్ కనబడిన 4153 మందిని 48 ఆసుపత్రుల్లో చేర్చుకున్నారు. అదే డోసు, కానీ 16 వారాలదాకా. అందరినీ కలిపి చూస్తే బిడ్డ పుట్టినవాళ్లు మందు గుంపులో 75 శాతం, ఉత్త మందు గుంపులో 72 శాతం. ఈ తేడానీ కచ్చితంగా మందు ఫలితమని చెప్పలేం. అయితే పాత చరిత్రని బట్టి విడదీస్తే వేరే బొమ్మ కనబడింది. అంతకుముందు ఎప్పుడూ కడుపు పోనివాళ్లకి మందు వల్ల తేడా ఏమీ లేదు. ఒకటి రెండుసార్లు పోయినవాళ్లలో 72 నుంచి 76కి పెరిగింది. మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు పోయినవాళ్లలో 57 నుంచి 72కి పెరిగింది.

దీన్ని బట్టే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021 నవంబరులో తన మార్గదర్శకాలు మార్చింది. స్కాన్‌లో గర్భం గర్భాశయంలోనే ఉందని తేలాలి. ఇప్పుడు బ్లీడింగ్ ఉండాలి. ఇంతకుముందు ఒక్కసారైనా గర్భస్రావం అయి ఉండాలి. ఈ మూడూ కలిసినవాళ్లకి యోని ద్వారా 400 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఇవ్వమంది. గుండె చప్పుడు కనబడ్డాక 16 వారాలు నిండేదాకా కొనసాగించమంది.

నేను ఈ మూడింటిలోనూ పడ్డాను. మీరు పడకపోవచ్చు. పాత గర్భస్రావం ఉంది కానీ ఇప్పుడు ఒక్క చుక్క రక్తం లేదు అంటే, మందు వల్ల లాభం ఉందని ఈ పరిశోధనలు చూపించలేదు. మన దగ్గర చాలామంది డాక్టర్లు అప్పుడు కూడా రాస్తారు. తప్పని నేను అనను. ప్రిజమ్‌లో మందు వల్ల తల్లికి గానీ బిడ్డకి గానీ హాని పెరగలేదు. పైగా అంత భయంలో ఉన్న మనిషిని ఉత్త చేతులతో పంపడం డాక్టరుకీ కష్టమే. కాకపోతే అడగండి: "మేడమ్, ఇది నాకు బ్లీడింగ్ కోసమా, జాగ్రత్త కోసమా?" జాగ్రత్త కోసమే అని జవాబొస్తే, రాత్రి ఒక డోసు మర్చిపోయినందుకు తెల్లారేదాకా ఏడవాల్సిన పని లేదు.

ఐవీఎఫ్ వాళ్ల సంగతి పూర్తిగా వేరు. ముఖ్యంగా మాత్రలతో పొరని పెంచి, ఫ్రీజ్ చేసిన పిండాన్ని పెట్టినప్పుడు అండం విడుదల కాదు కాబట్టి ఆ పసుపు ముద్ద ఉండదు. మాయ పని అందుకునేదాకా శరీరానికి బయటి నుంచి వచ్చే ప్రొజెస్టరానే దిక్కు. వాళ్లు ఒక్క రోజు కూడా సొంతంగా ఆపకూడదు. పక్కింటి అమ్మాయి 8వ వారంలో ఆపేసింది, నేనూ ఆపేస్తా అనేది ఈ కోవలో ప్రమాదం.

ఇంకొక్కటి. రెండు, అంతకన్నా ఎక్కువసార్లు పోయి ఉంటే ప్రొజెస్టరాన్ ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. థైరాయిడ్, షుగర్, గర్భాశయం ఆకారం, రక్తం గడ్డకట్టే గుణానికి సంబంధించిన యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష చేయించమని అడగండి. ఈ చివరి పరీక్షలో పాజిటివ్ వస్తే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేసి నిర్ధారిస్తారు. ఆ జబ్బుకి మందు ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లు. ప్రొజెస్టరాన్ దానికి సరిపోదు.

రెండో మెట్టు: చీటీ, స్ట్రిప్ రెండూ చదవండి

షాపులో "అది లేదమ్మా, ఇది కూడా అదే" అనడం మనందరికీ తెలిసిన మాట. ఈ మందు దగ్గర మాత్రం ఆ మాట సులభంగా నమ్మకండి. ఒకే కుటుంబంలోని మందులైనా ఒకదాని బదులు ఇంకొకటి పనికిరావు.

నేచురల్ మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్ అని స్ట్రిప్ మీద ఉండేది మన శరీరం తయారుచేసే అణువే. నేచురల్ అన్నారని ఆకుల పసరు అనుకోకండి, దుంపల నుంచో సోయా నుంచో తీసిన ముడిసరుకుతో ఫ్యాక్టరీలో తయారవుతుంది. 100, 200, 400 మిల్లీగ్రాముల మెత్తటి క్యాప్సూల్స్‌గా దొరుకుతుంది. సస్టెన్, నేచురోజెస్ట్ లాంటి పేర్లు మీరు వినే ఉంటారు. పైన చెప్పిన పరిశోధనలు జరిగింది ఈ రకంతోనే, అదీ యోని ద్వారా వాడి.

ఇదే మందు నోటి ద్వారా వాడేలా నెమ్మదిగా కరిగే ఎస్ఆర్ టాబ్లెట్‌గా కూడా వస్తుంది. అది మింగడానికి తయారైంది. కింద పెట్టుకునేది కాదు. స్ట్రిప్ మీద ఎస్ఆర్ అని ఉంటే ఒకసారి ఆగి డాక్టరుకి ఫోన్ చేయండి.

డైడ్రోజెస్టరాన్ అనేది డుఫాస్టన్ పేరుతో మనకి బాగా తెలిసిన 10 మిల్లీగ్రాముల టాబ్లెట్. ప్రొజెస్టరాన్‌కి దగ్గరగా ఉండే కృత్రిమ హార్మోన్. నోటితో మింగితే చాలు కాబట్టి చాలామందికి ఇదే ఇష్టం. మన డాక్టర్లు ఎక్కువగా రాసేదీ ఇదే. 400 మిల్లీగ్రాముల క్యాప్సూల్ బదులు 10 మిల్లీగ్రాముల మాత్ర ఇచ్చారేమిటని కంగారు పడొద్దు. మందు వేరు, బలం వేరు, అంకెలని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇంజెక్షన్ నూనెలో కలిపి పిరుదు కండరంలోకి ఇస్తారు. పనిచేస్తుంది, నొప్పి కూడా అలాగే ఉంటుంది. రోజూ ఒకే వైపు కాకుండా మార్చి మార్చి చేయించుకోవాలి. గడ్డ కట్టి, ఎర్రబడి, వేడిగా అయితే చూపించాలి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. పెళ్లిళ్లకి, గుడికి వెళ్లడానికి నెలసరి వాయిదా వేసే ప్రిమోలట్-ఎన్ లాంటి వాటిలో ఉండేది నారెథిస్టరాన్. నెలసరి రప్పించడానికి ఇచ్చే డెవిరీ, మెప్రేట్ లాంటి వాటిలో ఉండేది మెడ్రాక్సీప్రొజెస్టరాన్. ఈ రెండూ గర్భం కాపాడటానికి వాడే మందులు కావు. ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్ "హార్మోన్ మాత్రేగా" అని వేసుకోవద్దు. పేర్లు చూడటానికి ఒకలా ఉంటాయి, పొరపాటు జరిగేది అక్కడే.

కొన్ని కంపెనీల క్యాప్సూల్స్‌లో వేరుశనగ నూనె ఉంటుంది. పల్లీలు పడనివాళ్లు ముందే చెప్పాలి. కాలి నరాల్లో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర, కాలేయం జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నా చెప్పాలి.

మూడో మెట్టు: పెట్టుకునే పద్ధతి

ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు. "కింద పెట్టుకోవాలి" అని నర్సు గొంతు తగ్గించి చెప్పి పంపేస్తుంది. మొదటి రాత్రి నేను దాన్ని మింగాలా వద్దా అని అరగంట ఆలోచించాను. నోటితో మింగితే ఎక్కువ భాగం కాలేయంలోనే కరిగిపోతుంది, కొంచెమే రక్తంలోకి వెళ్తుంది, పైగా నిద్ర ముంచుకొస్తుంది. కింద పెట్టుకుంటే నేరుగా గర్భాశయానికి ఎక్కువ అందుతుంది. అందుకే ఆ తిప్పలు.

ముందు మూత్రానికి వెళ్లి రండి. గోళ్లు చిన్నగా కత్తిరించుకోండి. సబ్బుతో చేతులు కడిగి తుడుచుకోండి. క్యాప్సూల్‌ని కొంచెం నీళ్లతో తడిపితే జారుతుంది. నూనె, క్రీమ్ లాంటివి రాయొద్దు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి, లేదా గొంతుక్కూర్చోండి, లేదా ఒక కాలు స్టూలు మీద పెట్టి నిలబడండి. నాకు గొంతుక్కూర్చుంటేనే వీలుగా ఉండేది. వేలితో నడుము వెనక వైపుకి, అంటే పైకి కాకుండా కాస్త వెనక్కి వాల్చి తోయండి. వేలు పోయినంత లోపలికి చాలు. గర్భాశయానికి తగిలి ఏదో అయిపోతుందని భయం వద్దు. గర్భాశయ ముఖద్వారం మూసుకుని ఉంటుంది, క్యాప్సూల్ బిడ్డ దగ్గరికి వెళ్లదు.

ఆ తర్వాత కనీసం 20 నిమిషాలు, వీలైతే అరగంట పడుకోండి. రాత్రిది నిద్రకి ముందు పెట్టుకుంటే ఈ లెక్కే అక్కర్లేదు. పొద్దుటిది ఆఫీసుకి వెళ్లేవాళ్లకి కష్టం. అలారం అరగంట ముందుకి జరిపి, పెట్టుకుని, మళ్లీ పడుకుని ఫోన్ చూసుకోవడం ఒక్కటే మార్గం. రెండింటి మధ్య 12 గంటలు ఉండేలా చూసుకోండి. పొద్దున 7, రాత్రి 7 కంటే పొద్దున 9, రాత్రి 9 మీ ఇంటికి సరిపోతే అలాగే కానివ్వండి. గంట అటూ ఇటూ అయితే ఏమీ కాదు.

మరుసటి రోజు కొంత బయటికి వస్తుంది. తెల్లగా, పిండిలా, జిడ్డుగా, ఒక్కోసారి క్యాప్సూల్ తొక్క ముక్కలా. మందంతా కారిపోయిందని రెండోది పెట్టుకోవద్దు. కావాల్సింది లోపల పీల్చుకున్నాకే ఆ మిగిలింది వస్తుంది. సన్నటి ప్యాంటీ లైనర్ పెట్టుకోండి. లోపల మాత్రం నీళ్లతో కడగొద్దు. రోజంతా లైనర్ తడిగా ఉంచుకుంటే దురద పుడుతుంది, మార్చుకుంటూ ఉండండి.

బ్లీడింగ్ బాగా ఎక్కువగా ఉన్న రోజు కింద పెట్టుకున్నది రక్తంతో పాటే కొట్టుకుపోవచ్చు. ఆ రోజు నోటి మాత్రో, ఇంజెక్షనో, మలద్వారం ద్వారా వాడే రకమో మార్చాలా అని డాక్టరుని అడగండి. సొంతంగా మార్చుకోవద్దు.

ఎండాకాలం సంగతి. ఏప్రిల్, మే నెలల్లో రెంటచింతలలోనో రామగుండంలోనో ఉంటే క్యాప్సూల్స్ మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. పెట్టె మీద రాసిన ఉష్ణోగ్రత చూసి ఇంట్లో చల్లటి మూల, ఎండ తగలని చోట పెట్టండి. కారు డాష్‌బోర్డులో, హ్యాండ్‌బ్యాగ్ బయటి జేబులో ఉంచొద్దు. కొవ్వుతో చేసిన పెసరీ (కింద పెట్టుకునే మైనం లాంటి బిళ్ల) రకమైతే వేడికి కరుగుతుంది. కవరు విప్పకముందే ఫ్రిజ్‌లో కొద్ది నిమిషాలు పెడితే గట్టిపడుతుంది. డీప్ ఫ్రిజ్‌లో మాత్రం వద్దు.

మర్చిపోతే

గుర్తొచ్చిన వెంటనే పెట్టుకోండి. తర్వాతి డోసు టైమ్ దగ్గర పడి ఉంటే, మర్చిపోయింది వదిలేసి దాన్నే వాడండి. రెండు కలిపి వాడొద్దు. ఒక పూట తప్పినంత మాత్రాన శరీరంలో హార్మోన్ సున్నాకి పడిపోదు. సహజంగా అండం విడుదలై వచ్చిన గర్భమైతే మీ అండాశయం తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఐవీఎఫ్ వాళ్లు మాత్రం సెంటర్‌కి ఫోన్ చేసి చెప్పడం మంచిది. నా ఫోన్‌లో ఆ నెలలన్నీ "క్యాప్సూల్" అనే పేరుతో అలారం మోగేది. బయటివాళ్ల ముందు ఇబ్బందనిపించి తర్వాత "నీళ్లు" అని మార్చాను.

నాలుగో మెట్టు: స్కాన్లు

మందు వాడుతున్నప్పుడు బ్లీడింగ్ ఆగిపోయిందంటే అంతా బాగుందని అర్థం కాదు. పిండం ఎదుగుదల ఆగిపోయినా, ప్రొజెస్టరాన్ వల్ల పొర ఊడకుండా ఉండి, కొన్నాళ్లు ఏమీ బయటపడకపోవచ్చు. వాంతులు, రొమ్ముల నొప్పి కూడా మందు వల్లే కొనసాగవచ్చు. అందుకే ఈ మందు మీద ఉన్నవాళ్లకి లక్షణాల కంటే స్కాన్ ముఖ్యం.

వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. యోని ద్వారా చేసే స్కాన్‌లో 5వ వారం చుట్టూ సంచి కనిపిస్తుంది, 6 దాటాక గుండె చప్పుడు కనిపించడం మొదలవుతుంది. 5 వారాలకే వెళ్లి "సంచి మాత్రమే ఉంది, చప్పుడు రాలేదు" అనిపించుకుని వచ్చి ఏడ్చినవాళ్లు మా చుట్టాల్లోనే ఇద్దరున్నారు. ఇద్దరికీ తర్వాత వారం చప్పుడు వచ్చింది. కాబట్టి మొదటి స్కాన్ 6 నిండాక, వీలైతే 7వ వారంలో పెట్టుకోండి. నొప్పి, బ్లీడింగ్ ఉంటే మాత్రం ఆగకుండా వెంటనే.

చప్పుడు లేదు, తీసేయాలి అని ఒకే స్కాన్ మీద చెబితే రెండు అంకెలు అడగండి. పిండం పొడవు 7 మిల్లీమీటర్లు దాటిందా? పిండమే కనబడకపోతే సంచి సగటు కొలత 25 మిల్లీమీటర్లు దాటిందా? అంతకన్నా తక్కువైతే వారం ఆగి మళ్లీ చూడటం పద్ధతి. నెలసరి సక్రమంగా రాని వాళ్లకి, పీసీఓడీ ఉన్నవాళ్లకి తేదీలే తప్పు అయి ఉండొచ్చు.

రక్తంలో ప్రొజెస్టరాన్ స్థాయి పరీక్ష రాస్తే, మందు కింద పెట్టుకుంటున్న విషయం ల్యాబ్‌కీ డాక్టరుకీ చెప్పండి. అలా వాడినప్పుడు గర్భాశయంలో మందు బాగా ఉన్నా రక్తంలో అంకె తక్కువగా రావొచ్చు. ఆ కాగితం చూసుకుని బెంగపడటం దండగ.

స్కాన్‌లో ఇంకో ముఖ్యమైన పని ఉంది. గర్భం సరైన చోట ఉందో లేదో చూడటం. ట్యూబ్‌లో నిలిచిన గర్భాన్ని ప్రొజెస్టరాన్ కాపాడదు. అక్కడ ప్రమాదం తల్లికే. మందు రాసినా, చోటు నిర్ధారణ కానంతవరకూ ఆ స్కాన్ వాయిదా వేయొద్దు.

ఏది మామూలు, ఎప్పుడు పరిగెత్తాలి

మత్తుగా ఉండటం, తల తిరగడం, ముఖ్యంగా నోటి ద్వారా వాడితే. అందుకే నోటి మందుని రాత్రి వేసుకోమంటారు. వేసుకున్నాక స్కూటీ నడపొద్దు. కడుపు ఉబ్బరం, మలబద్ధకం చాలామందికి వస్తాయి. ఐరన్ మాత్రలు కూడా మొదలైతే ఇంకా ఎక్కువ. నీళ్లు, జామపండు, ఆకుకూరలు, అవసరమైతే డాక్టరుని అడిగి ఇసబ్‌గోల్. రొమ్ములు సలపడం, చిరాకు, ఊరికే ఏడుపు. ఈ చివరిది మందు వల్లో, భయం వల్లో నాకు ఇప్పటికీ తెలియదు.

క్యాప్సూల్ పెట్టుకున్నప్పుడు ముఖద్వారం రాసుకుని గోధుమ రంగు మచ్చ రావొచ్చు. గోధుమ రంగు పాత రక్తం. తాజా ఎరుపు వేరు, దాన్ని చెప్పాలి. దురద, దుర్వాసన, ఆకుపచ్చ స్రావం ఉంటే ఇన్ఫెక్షన్ చూపించుకోవాలి.

వెంటనే వెళ్లాల్సినవి ఇవి. గంటకి ఒక ప్యాడ్ నిండిపోతూ రెండు గంటలు కొనసాగడం. పొత్తికడుపులో ఒకవైపు పొడిచినట్టు నొప్పి. భుజం చివర నొప్పి. కళ్లు తిరిగి పడిపోవడం. జ్వరంతో పాటు దుర్వాసన. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం. ఒళ్లు పచ్చబడటం, విపరీతమైన దురద. రాత్రి రెండైనా సరే 108కి ఫోన్ చేయండి, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. వెళ్లేటప్పుడు మీ బ్లడ్ గ్రూప్ కాగితం తీసుకెళ్లండి. నెగటివ్ గ్రూపైతే ఆ మాట నోరు తెరిచి చెప్పండి, యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అని వాళ్లు చూస్తారు.

మంచం దిగకూడదన్న సలహా గురించి రెండు మాటలు. పూర్తి విశ్రాంతి వల్ల గర్భస్రావం ఆగుతుందని పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. బరువులు ఎత్తకండి, ఒళ్లు అలిసే పని చేయకండి, అంతవరకు సరే. వారాల తరబడి పడుకుంటే మలబద్ధకం పెరుగుతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, బుర్రలో భయం అన్నిటికన్నా ఎక్కువ పెరుగుతుంది. దాంపత్యం విషయంలో బ్లీడింగ్ ఉన్నన్నాళ్లు ఆగమని చాలామంది డాక్టర్లు చెబుతారు. ఆ తర్వాత సంగతి సిగ్గుపడకుండా అడగాల్సిందే. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో మానొద్దు.

విదేశాల్లో ఉన్నవాళ్లకి

బ్రిటన్‌లో ఉంటే మీ ప్రాంతపు ఆసుపత్రిలోని ఎర్లీ ప్రెగ్నెన్సీ యూనిట్‌కి ఫోన్ చేసి, మొదటి వాక్యంలోనే "ఇంతకుముందు గర్భస్రావం అయింది, ఇప్పుడు బ్లీడింగ్ ఉంది" అని రెండూ కలిపి చెప్పండి. అక్కడ మందు ఇచ్చేది ఈ రెండూ ఉంటేనే. బ్లీడింగ్ లేకపోతే "ఇవ్వం" అంటారు. ఇండియాలో అందరికీ ఇస్తారు కదా అని మనకి కోపం వస్తుంది. అది నిర్లక్ష్యం కాదు, పైన చెప్పిన ప్రామిస్ ఫలితం. అమ్మ చేత కొరియర్‌లో క్యాప్సూల్స్ తెప్పించుకుని, అక్కడి డాక్టరుకి చెప్పకుండా వాడేవాళ్లున్నారు. కనీసం చెప్పి వాడండి. చెప్పకపోతే స్కాన్‌కీ లక్షణాలకీ మధ్య తేడా వచ్చినప్పుడు వాళ్లకి అర్థం కాదు.

గర్భిణులకి హార్మోన్ ఇవ్వడంలో డాక్టర్లు ఇంత లెక్క చూడటానికి పాత దెబ్బ ఒకటుంది. గర్భస్రావం ఆపుతుందని 1940ల నుంచి అమెరికాలో డీఈఎస్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ని విపరీతంగా వాడారు. పని చేయదని 1953లోనే ఒక పరిశోధన తేల్చినా ఆపలేదు. ఆ తల్లులకి పుట్టిన ఆడపిల్లల్లో అరుదైన యోని క్యాన్సర్ కనబడిందని 1971లో బయటపడ్డాక గానీ ఆగలేదు. ప్రొజెస్టరాన్ వేరే హార్మోన్, దానికి అలాంటి చరిత్ర లేదు. కానీ "వాడితే పోయేదేముంది" అన్న మాట ఎవరన్నా నాకు అదే గుర్తొస్తుంది.

చివరి మెట్టు: ఆపడం

మొదలుపెట్టిన రోజే ఆపే వారాన్ని చీటీ మీద రాయించుకోండి. బ్లీడింగ్, పాత గర్భస్రావం ఉన్నవాళ్లకి నైస్ చెప్పింది 16 వారాలు నిండేదాకా. మన దగ్గర 12 వారాలకి ఆపేవాళ్లున్నారు, డైడ్రోజెస్టరాన్‌ని 20 వారాలదాకా రాసేవాళ్లూ ఉన్నారు. ఐవీఎఫ్‌లో సాధారణంగా 10 నుంచి 12 వారాల మధ్య. మీ డాక్టరు చెప్పిన వారం ఎందుకో అడిగి తెలుసుకుంటే, మధ్యలో ఎవరో చెప్పిన ఇంకో అంకె విని గందరగోళపడరు.

డోసు మెల్లగా తగ్గించాలా, ఒక్కసారి ఆపేయాలా? ప్రిజమ్‌లో మెల్లగా తగ్గించలేదు, 16 వారాలకి ఆపేశారు. అప్పటికి మాయ చాలా రోజులుగా తన పని తాను చేస్తోంది, మన క్యాప్సూల్ దాని ముందు కొసరే. అయినా కొందరు డాక్టర్లు రోజుకి రెండు నుంచి ఒకటి చేసి, వారం తర్వాత ఆపమంటారు. అది మన మనసు కోసం అనుకోండి, దానివల్ల నష్టమేమీ లేదు.

మధ్యలో చప్పుడు ఆగిపోయిందని స్కాన్‌లో తేలితే మందు కూడా ఆపేస్తారు. కొనసాగిస్తే జరగాల్సింది ఇంకా ఆలస్యం అవుతుంది, అంతే. అలాంటప్పుడు బయటికి వచ్చినదాన్ని క్రోమోజోమ్ పరీక్షకి పంపడం వీలవుతుందా అని అడగండి. ఆ స్థితిలో ఈ మాట అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఆ పని భర్తకో అక్కకో ముందే అప్పజెప్పి ఉంచండి. మొదటిసారి మేం అడగలేదు, కాబట్టి కారణం ఏమిటో మాకు ఎప్పటికీ తెలియదు.

ఆపిన తర్వాత వారం రోజులు నేను టిష్యూ చూసుకుంటూనే ఉన్నాను. ఏమీ రాలేదు. స్ట్రిప్‌లో నాలుగు క్యాప్సూల్స్ మిగిలాయి. మా ఆడపడుచుకి నెల తప్పినప్పుడు "అవి ఇస్తావా" అని అడిగారు. ఇవ్వలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. తనకి పాత గర్భస్రావం లేదు, బ్లీడింగ్ లేదు, మందూ రాయలేదు. ఆ నాలుగూ గడువు తీరేదాకా బీరువాలో చీరల కిందే ఉన్నాయి.